మంచు దారి, నిమ్మకాయ, నాలుగు టైర్లు

వాహన పూజ బెంగళూరులో దసరాకు మాత్రమే పరిమితమైన ఆచారం కాదు. మైసూరు రోడ్డులో బ్యాటరాయనపుర దగ్గరున్న గాలి ఆంజనేయస్వామి గుడి ముందూ, కస్తూర్బా రోడ్డులో ‘ట్రాఫిక్ గణేశుడు’గా పేరుపడ్డ గణపతి గుడి ముందూ ఏడాది పొడవునా కొత్త బళ్లు వరస కడుతూనే ఉంటాయి. పూజారి బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేసి, దండ వేసి, హారతి ఇస్తారు. కొబ్బరికాయ కొట్టిస్తారు. ఆఖరున నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. కాయలు నలిగితే దిష్టి పోయినట్టు. మహానవమి నాటి ఆయుధ పూజకైతే బస్సులూ ఆటోలూ లారీలూ అరటి పిలకలు కట్టుకుని తిరుగుతాయి, కూడలి కూడలిలో బూడిద గుమ్మడికాయలు పగులుతాయి. ఆ ముక్కల మీద స్కూటర్లు జారిపడతాయి కనుక రోడ్డు మీద కాయలు కొట్టవద్దని అధికారులు దసరా వచ్చినప్పుడల్లా చెబుతుంటారు. ఒక బండి క్షేమం కోసం కొట్టిన కాయ ఇంకో బండిని పడగొట్టగలదు. క్షేమం కోరుతూ చేసే పూజకూ, క్షేమం కోసం చేయవలసిన పనికీ సంబంధమేమిటన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

బెంగళూరు వాతావరణం ఈ ప్రశ్నను గట్టిగా అడగదు. ఆ నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీల సెల్సియస్. అదీ 1884 జనవరి 13 నాటి మాట. మంచు కురిసే దేశాల్లో టైర్లవాళ్లు చెప్పే కొండగుర్తు 7 డిగ్రీలు. చలి ఆ అంకె కిందికి దిగి నిలవడం మొదలైతే మామూలు టైర్లు తీసి శీతాకాలపు టైర్లు వేసుకోవాలంటారు. ఆ లెక్కన బెంగళూరు రికార్డుల్లో అలాంటి టైరు అవసరపడిన రాత్రి ఒక్కటీ లేదు. కానీ ఆ ఊరి ఆఫీసుల నుంచి తెలుగు ఇంజినీర్లు ఎందరో చికాగోకూ, మినియాపొలిస్‌కూ, టొరంటోకూ, మ్యూనిక్‌కూ వెళ్తుంటారు. కాస్త నిలదొక్కుకున్నాక ఎన్నాళ్లుగానో మనసుపడ్డ స్పోర్ట్స్ కారు కొనేవారూ ఉంటారు. అక్కడి గుళ్లలోనూ వాహన పూజ జరుగుతుంది. పార్కింగ్ స్థలంలో అదే స్వస్తిక్, అవే నిమ్మకాయలు.

నవంబరు వచ్చేసరికి ఆ నిమ్మకాయలు తొక్కిన టైర్ల సంగతి తేల్చుకోవలసి వస్తుంది. పూజ చేయించిన కారుకు మంచు టైర్లు కూడా వేయించాలా? వేయిస్తే పూజ మీద నమ్మకం తక్కువైనట్టా? వేయించకపోతే దేవుడి మీద భారం వేసినట్టా, లేక బద్ధకానికి దేవుడి పేరు పెట్టినట్టా?

జవాబు వెతికే ముందు టైరు చేసే పని తెలియాలి. కారు ఎంత బరువుదైనా, ఎంత వేగం గలదైనా నేలను తాకేది నాలుగు చోట్ల, ఒక్కో చోటా సుమారు అరచేయంత మేర. ఇంజిను బలం, బ్రేకు బలం, స్టీరింగు మలుపు మూడూ ఆ నాలుగు తావుల గుండానే రోడ్డుకు చేరతాయి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు పొడి తారు రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. బళ్లు తొక్కి అణగదొక్కిన మంచు మీద ఘర్షణ నాలుగో వంతుకు పడిపోతుంది కనుక అదే కారుకు దాదాపు 50 మీటర్లు కావాలి. నున్నగా గడ్డకట్టిన ఐసు మీద 100 మీటర్లూ పట్టవచ్చు. ప్రమాదం కనబడి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోగా దాటిపోయే దూరం ఇందులో కలపలేదు. వేగం రెట్టింపైతే ఈ దూరాలు నాలుగింతలవుతాయి.

స్పోర్ట్స్ కారుకు ఇబ్బంది మరీ ఎక్కువ. ఫ్యాక్టరీ నుంచి దానికి తరచుగా వచ్చేవి వెడల్పాటి, పక్కగోడ పొట్టిగా ఉండే వేసవి టైర్లు. వేడెక్కిన రోడ్డును అతుక్కునేలా చేసిన రబ్బరు అది, చలికి బిరుసెక్కుతుంది. బాగా గడ్డకట్టే చలిలో ఆ టైర్లతో కదిలిస్తే రబ్బరు పగలవచ్చని కొందరు తయారీదారులే హెచ్చరిస్తారు. వాటి గాడులు మంచును పట్టుకునేవి కావు. వెడల్పు వల్ల మంచును తొలుచుకుని కిందికి దిగకుండా పైపైన తేలతాయి. వెనక చక్రాలకే ఇంజిను బలం అందే కారైతే యాక్సిలరేటరు రవ్వంత ఎక్కువ తొక్కినా వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది.

శీతాకాలపు టైరులో రబ్బరు మిశ్రమమే వేరు. సిలికా ఎక్కువగా కలిపి, చలిలోనూ మెత్తదనం పోకుండా చేస్తారు. గాడులు లోతుగా ఉంటాయి. గాడుల మధ్యనున్న దిమ్మెల మీద వందల కొద్దీ సన్నటి చీలికలు కోస్తారు; కారు బరువుకు అవి విచ్చుకుని, అంచులతో మంచును కరిచి పట్టుకుంటాయి. గాడుల్లో ఇరుక్కున్న మంచు నేల మీది మంచుకు అతుక్కోవడం వల్ల కూడా పట్టు పెరుగుతుంది. ఇలాంటి టైర్లకు పుట్టిల్లు ఫిన్లాండు. నోకియా పట్టణంలోని కంపెనీ 1934లో లారీల కోసం, 1936లో కార్ల కోసం వాటిని తయారు చేసింది.

కొనేటప్పుడు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు ఉన్న గుర్తు కోసం చూడాలి. మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గిన టైరుకే అది వేస్తారు. ‘ఎం ప్లస్ ఎస్’ అనే అక్షరాలు గాడుల తీరును చెప్పేవే గానీ పరీక్ష ఫలితాన్ని చెప్పేవి కావు. స్పోర్ట్స్ కారుకు, బ్రేకు భాగాలు అడ్డు రానంత మేరకు, ఒక అంగుళం చిన్న చక్రం మీద ఇంకాస్త ఇరుకు టైరు వేయడం మేలు. ఇరుకు టైరు మంచును కోసుకుని దిగుతుంది. పక్కగోడ ఎత్తు పెరగడంతో గుంతల దెబ్బ చక్రానికి అంతగా తగలదు. నాలుగూ ఒకేసారి మార్చాలి. ముందు రెండే మార్చితే మలుపులో కారు వెనక భాగం తిరిగిపోతుంది. వెనక రెండే మార్చితే స్టీరింగు తిప్పినా కారు తిన్నగా దూసుకుపోతుంది. నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే కారు కొన్నాం గదా, ఈ టైర్లెందుకని చాలామంది అనుకుంటారు. ఆ ఏర్పాటు కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి చేయదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉండేవే.

ఇంత యంత్ర వివరం తత్వచర్చలో ఎందుకని అనిపించవచ్చు. కానీ దైవమా, పురుషకారమా అన్న చర్చకు బండి కొత్తది కాదు. యాజ్ఞవల్క్య స్మృతి ఆచారాధ్యాయంలో రాజధర్మం చెప్పే చోట, ఒంటి చక్రంతో రథం ఎలా నడవదో పురుషకారం లేకుండా దైవం అలా ఫలించదన్న పోలిక ఉంది. అక్కడ దైవమంటే గుళ్లోని దేవుడని అర్థం కాదు. పూర్వజన్మలో చేసిన ప్రయత్నమే ఇప్పుడు ఫలంగా బయటపడితే అది దైవమని ఆ స్మృతే వివరిస్తుంది. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు ఈ రెంటిలో ఏది గొప్పదని భీష్ముణ్ణి అడుగుతాడు. బ్రహ్మ వసిష్ఠుడికి చెప్పిన మాటలను భీష్ముడు వినిపిస్తాడు: చేనూ విత్తూ కలిస్తేనే పంట. తూకం మాత్రం ప్రయత్నం వైపే మొగ్గుతుంది. యోగవాసిష్ఠం ఇంకాస్త ముందుకు పోయి, దైవమన్నది విడిగా లేదని, వెనకటి ప్రయత్నానికే ఆ పేరు పెట్టుకున్నారని తేల్చేస్తుంది.

భగవద్గీత పద్ధెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది. అధిష్ఠానం, కర్త, రకరకాల కరణాలు, వేరువేరు చేష్టలు మొదటి నాలుగు; ఐదోది దైవం. ఈ ఐదో కారణాన్ని శంకరులు కన్ను మొదలైన ఇంద్రియాలకు అండగా నిలిచే ఆదిత్యాది దేవతలుగా వ్యాఖ్యానించారు. రామానుజులు లోపలుండి నడిపించే పరమాత్మగా చెప్పి, ఐదింటిలో అదే ముఖ్యమన్నారు. రెండు వ్యాఖ్యలకూ మధ్య దూరం చాలా ఉంది. అయినా ఐదోది వచ్చింది కదా అని మిగతా నాలుగింటిని ఏ వ్యాఖ్యా లెక్కలోంచి తీసేయలేదు. వ్యాఖ్యాతలు కరణాలంటే ప్రధానంగా ఇంద్రియాలనే తీసుకున్నా, పనికి సాధనమైనది ఏదైనా ఆ వరసలోకి వస్తుందనుకుంటే టైరు మూడో కారణం. పరమాత్మ ముఖ్య కారణమని నమ్మేవారికి కూడా అరిగిన టైరు అరిగిన కరణమే.

ఈ విషయంలో అందరికన్నా సూటిగా మాట్లాడింది మాత్రం ఓ వైద్య గ్రంథం. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు తన గురువు ఆత్రేయ పునర్వసువును మనుషుల ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా అని అడుగుతాడు. గురువు జవాబులో మొదటి భాగం తెలిసిన మాటే: ఆయుష్షు దైవ పురుషకారాల బలాబలాల మీద ఆధారపడి ఉంటుంది. రెండో భాగం మీదే దృష్టి నిలపాలి. అందరి ఆయుష్షూ ముందే నిర్ణయమైపోయి ఉంటే దీర్ఘాయువు కోరేవాళ్లకు మందులతో పని లేదంటూ, ఆ వరసలోనే మంత్రాలు, మణులు, మంగళకార్యాలు, హోమాలు, బలులు, ఉపవాసాలతో కూడా పని లేదంటాడు. అప్పుడు మదించిన ఏనుగునూ ఎద్దునూ చూసి పక్కకు తప్పుకోవలసిన అవసరమూ ఉండదు.

అంటే మందు ఏ గట్టున ఉందో మంత్రమూ ఆ గట్టునే ఉంది. సాధారణంగా ఈ చర్చలో పూజను దైవం పక్షాన, టైరును పురుషకారం పక్షాన నిలబెడతారు. ఆత్రేయుడి విభజనలో రెండూ ఒకే పక్షం. పూజ చేయించేది మనిషి. దానికి రోజు చూసుకునేది, డబ్బు పెట్టేది, కాయ కొట్టేది మనిషి. అది కూడా పురుషకారమే. నిమ్మకాయలు తొక్కించి టైర్లు మార్చనివాడు దేవుడికి అన్నీ అప్పగించినవాడు కాడు. రెండు ప్రయత్నాల్లో ఖర్చు తక్కువైనదాన్ని చేసి, ఎక్కువైనదాన్ని వదిలేసినవాడు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అనడమంటే ఇదే. దీపం పెట్టిన చెయ్యి తలుపు కూడా వేయగలదు.

ఆత్రేయుడు అక్కడితో ఆగలేదు. అకాల మరణమంటే ఏమిటో బండి ఇరుసును చూపి వివరించాడు. మంచి కర్రతో చేసిన ఇరుసు సరిగ్గా వాడితే తన వయసు తీరాకనే అరిగి పోతుంది. అదే ఇరుసు మోయలేని బరువు వేస్తే, ఎగుడుదిగుడు దారిలో తోలితే, దారి కాని దారిలో తోలితే, చక్రం విరిగితే, లాగే పశువులోనో తోలేవాడిలోనో లోపముంటే, చీల ఊడితే, కందెన వేయకపోతే, బండి బోల్తా పడితే నడుమనే విరుగుతుంది. ఈ జాబితాలో దైవం పేరు లేదు. ఇవాళ్టి ప్రమాద విచారణాధికారి రాసుకునే కాగితంలో ఉండేవి కూడా దాదాపు ఇవే: బరువు, రోడ్డు, చక్రం, డ్రైవరు, నిర్వహణ. 2018 సెప్టెంబరు 11న తెలంగాణలో కొండగట్టు ఆంజనేయస్వామి గుడి దగ్గరి ఘాట్ రోడ్డు మీద, పట్టేవాళ్లకన్నా ఎంతో ఎక్కువమంది ఎక్కిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో భక్తి లోపమేదీ లేదు. చరకుడి జాబితాలో మొదటి పేరు అతిభారం. మంచు దారికి ఆ జాబితాను పొడిగించాలంటే ‘ఋతువుకు తగని చక్రం’ అని ఒక్క మాట చేరిస్తే చాలు.

దీనికి వచ్చే బలమైన అభ్యంతరం శరణాగతి. శ్రీవైష్ణవంలో ప్రపత్తి అంటే సొంత ప్రయత్నం మీద భరోసా వదిలి భగవంతుడి మీద భారం వేయడం. అందులోనూ తెంగలై సంప్రదాయం, తల్లిపిల్లి నోట కరుచుకున్న పిల్లిపిల్లకు తన వైపు నుంచి చేసేదేమీ లేదంటుంది. వడగలై సంప్రదాయం, కోతిపిల్ల తల్లి పొట్టను తానే పట్టుకున్నట్టు జీవుడి వైపు నుంచి కాస్త పట్టు ఉండాలంటుంది. వేంకటేశ్వరుణ్ణి కొలిచే తెలుగు ఇళ్లలో ఈ భావనల నీడ గాఢంగానే ఉంది. అలాంటప్పుడు టైర్ల గురించి బెంగపడడం శరణాగతికి విరుద్ధం కాదా?

కాదు. ఈ రెండు సంప్రదాయాలు వాదించుకున్నది మోక్షానికి ఉపాయం గురించి, రోడ్డు మీద బండి ఆపడం గురించి కాదు. మోక్షం తన ప్రయత్నంతో వచ్చేది కాదన్న ప్రపన్నుడు కూడా వంట చేస్తాడు, పొలం దున్నుతాడు, జ్వరం వస్తే మందు వేసుకుంటాడు. అవన్నీ కైంకర్య బుద్ధితో చేస్తాడు. పిల్లిపిల్ల ఉపమానాన్ని బ్రేకుల దాకా సాగదీయాలనుకునేవారు దాన్ని వంటింటికి కూడా సాగదీయాలి. ఆ పని ఎవరూ చేయరు. ఆకలి వేసినప్పుడు గుర్తుండే పురుషకారం టైర్ల ఖర్చు చూడగానే మరిచిపోయిందంటే అది సిద్ధాంతం కాదు, సౌకర్యం.

విధి మీద నమ్మకం ఉన్న ఇతర సంప్రదాయాలు కూడా దాదాపు ఇక్కడికే చేరాయి. ప్రాచీన గ్రీసులో ‘సోమరి వాదం’ అని ఒకటుండేది: రోగం తగ్గాలని రాసిపెట్టి ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా తగ్గుతుంది, తగ్గకూడదని ఉంటే పిలిచినా తగ్గదు, కాబట్టి పిలవడం దండగ. స్టోయిక్ తత్వవేత్త క్రిసిప్పస్ విధిని గట్టిగా నమ్మినవాడు. అయినా ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. రోగం తగ్గడం రాసిపెట్టి ఉంటే వైద్యుణ్ణి పిలవడం కూడా దానితోపాటే రాసిపెట్టి ఉంటుందని ఆయన జవాబు. సిసెరో ఈ వాదాన్ని విధి గురించిన తన గ్రంథంలో నమోదు చేశాడు. ఇస్లాం సంప్రదాయంలో, ఒంటెను కట్టేసి అల్లా మీద భారం వేయమని ప్రవక్త చెప్పిన మాట తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది. బెంగళూరు కార్లలో అద్దానికి వేలాడే జపమాలలూ, 786 స్టిక్కర్లూ, కోపంగా చూసే హనుమంతుడి బొమ్మలూ ఒకే సిగ్నలు దగ్గర పక్కపక్కన ఆగుతాయి. వాటి వెనకనున్న గ్రంథాల్లో ఏదీ బండి నిర్వహణ మానేయమని చెప్పలేదు.

అయితే టైరు ఉంటే చాలు, పూజ దేనికన్న ఎదురు ప్రశ్నకూ న్యాయంగా జవాబు చెప్పాలి. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ట్రోబ్రియాండ్ దీవుల్లో గడిపి చూసిన సంగతి ఇక్కడ పనికొస్తుంది. అక్కడివాళ్లు ప్రమాదం లేని లోపలి కయ్యల్లో చేపలు పట్టేటప్పుడు మంత్రతంత్రాలు చేయరు. ఫలితం చేతిలో లేని, ప్రాణాపాయమున్న బయటి సముద్రంలోకి వెళ్లేటప్పుడు మాత్రం విస్తారంగా చేస్తారు. అలాగని పడవ కట్టే పనిలో ఒక్క ముడి వదులుగా వేయరు. నైపుణ్యం ముగిసే చోట కర్మకాండ మొదలవుతుంది. నైపుణ్యం ఉండవలసిన చోట అది దూరదు. ఎంత మంచి టైరు వేసినా ఎదుటి లారీ జారి మీదికి రావచ్చు, వంతెన మీద కంటికి కనపడని పలుచటి ఐసు పరుచుకుని ఉండవచ్చు. చేయగలిగినదంతా చేశాక మిగిలే ఆ జాగాలో మనిషి దండం పెట్టుకోవడంలో తర్కదోషమేమీ లేదు.

బెంగళూరులోనే ప్రధాన కార్యాలయమున్న ఇస్రో దీనికి నిదర్శనం. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు నమూనా పట్టుకుని తిరుమలకూ, సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికీ వెళ్లడం వాడుక. దాన్ని వెక్కిరించేవాళ్లున్నారు, మెచ్చుకునేవాళ్లున్నారు. 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ముందు కూడా అలాగే వెళ్లారు. కానీ 2019లో చంద్రయాన్-2 ల్యాండరు కూలిపోయాక వాళ్లు చేసినది మొక్కులు పెంచడం కాదు. ఏది ఎలా చెడిపోవచ్చో ముందే ఊహించి, చెడినా దిగగలిగేలా కొత్త ల్యాండరును రూపొందించామని అప్పటి ఛైర్మన్ సోమనాథ్ చెప్పారు. కాళ్లు బలంగా చేశారు, ఇంధనం పెంచారు, దిగే చోటు వైశాల్యం బాగా పెంచారు. ఆగస్టు 23న అది దిగింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2019 అక్టోబరు 8 దసరా నాడు, ఫ్రాన్స్‌లోని మెరిన్యాక్‌లో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ రఫేల్ విమానానికి పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించినప్పుడు దేశమంతా పెద్ద వాదులాట జరిగింది. విమానానికి జరగవలసిన పరీక్షలన్నీ జరిగే ఉన్నాయి కనుక ఆ నిమ్మకాయల వల్ల పోయిందేమీ లేదు. పరీక్షలకు బదులు అవే పెట్టి ఉంటే అప్పుడు వాదులాటకు అర్థముండేది.

ఇక్కడ యంత్రాన్ని నమ్మేవారు విజయగర్వం చూపనవసరం లేదు. టైరు కూడా తాయెత్తు కాగలదు. 1980లలో మ్యూనిక్‌లో ఒక సంస్థ టాక్సీలలో కొన్నిటికి చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు అమర్చి, మిగతావాటితో పోల్చి చూశారు. ఆ బ్రేకులున్న టాక్సీలకు ప్రమాదాలు అనుకున్నట్టుగా తగ్గలేదు. వాటిని నడిపేవాళ్లు ఇంకాస్త దూకుడుగా నడపడం మొదలుపెట్టారు. రక్షణ పెరిగిందన్న ధీమా రక్షణను తినేసింది. మంచు టైర్లు వేశామని వేసవి వేగంతో పోయేవాడికీ, నిమ్మకాయలు తొక్కించామని పోయేవాడికీ మనసు పనిచేసిన తీరులో తేడా లేదు. తేడా టైరులో ఉంది: అది నిజంగానే కొన్ని మీటర్లు ముందు ఆపుతుంది. ఆ మీటర్లను వేగం కింద ఖర్చు పెట్టేస్తే అదీ మిగలదు.

ఇంతవరకూ చర్చ నడిపేవాడి క్షేమం చుట్టూ తిరిగింది. అసలు బరువైన ప్రశ్న ఎదుటివాడిది. తన ప్రాణం దేవుడికి అప్పగించే స్వేచ్ఛ ఒక మనిషికి ఉందనుకున్నా, రోడ్డు దాటుతున్న బిడ్డ ప్రాణాన్ని ఆ బిడ్డ తరఫున అప్పగించే అధికారం ఎవరికీ లేదు. నైతిక అదృష్టం గురించి 1976లో జరిగిన చర్చలో అమెరికన్ తత్వవేత్త థామస్ నేగెల్ ఇచ్చిన ఉదాహరణ కూడా బండిదే. ఒక లారీ డ్రైవరు చాలాకాలంగా బ్రేకులు చూపించుకోలేదు. ఒక రోజు హఠాత్తుగా పిల్లవాడు అడ్డం వస్తాడు, బ్రేకు పడదు. అదే నిర్లక్ష్యంతో తిరిగిన ఇంకో డ్రైవరుకు పిల్లవాడెవరూ అడ్డం రాలేదు. ఇద్దరి తప్పూ ఒకటే. లోకం మొదటివాణ్ణి చూసినట్టు రెండోవాణ్ణి చూడదు, వాళ్లు తమను తాము కూడా అలా చూసుకోరు. నేగెల్‌కు ఇది తేలని చిక్కు.

కర్మ సిద్ధాంతం నుంచి చూస్తే చిక్కు కొంత విడుతుంది. పిల్లవాడు అడ్డం రావడం, రాకపోవడం దైవం పాలిటి సంగతి. బ్రేకు చూపించుకోకపోవడం ఇద్దరూ చేసిన కర్మ. ఎవరూ చనిపోనంత మాత్రాన రెండోవాడి ఖాతాలోంచి అది చెరిగిపోదు. మంచు దేశంలో నాలుగు చలికాలాలు వేసవి టైర్లతోనే తిరిగాను, ఏమీ కాలేదని చెప్పుకునేవారు తమ నిర్ణయం సరైనదని రుజువు చేసుకున్నట్టు కాదు. దైవం నాలుగుసార్లు కాపాడిందని మాత్రమే దానికి అర్థం. దైవాన్ని నమ్మేవారు కాబట్టి ఆ అప్పు సంగతి వారికే ఎక్కువ తెలియాలి.

కొన్ని దేశాలు దీన్ని వ్యక్తి మనస్సాక్షికి వదల్లేదు. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా శీతాకాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. జర్మనీలో రోడ్డు మీద మంచో ఐసో ఉంటే ఆ టైర్లు లేకుండా బండి నడపకూడదు. 2024 అక్టోబరు నుంచి మంచు పువ్వు గుర్తున్న టైర్లే అక్కడ లెక్కలోకి వస్తాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటి నిర్బంధం లేదు. చట్టం అడగని చోటే ధర్మం ప్రశ్న మొదలవుతుంది కనుక చికాగోలో ఉన్నవారి బాధ్యత మ్యూనిక్‌లో ఉన్నవారికన్నా ఎక్కువే గానీ తక్కువ కాదు. టైర్లకు డబ్బు చాలకపోతే మంచు కురిసిన రోజుల్లో స్పోర్ట్స్ కారు గరాజులో ఉంచి బస్సెక్కడం కూడా పురుషకారమే.

బెంగళూరులో ఉండేవారికి మంచు టైరుతో పని లేదు. అయితే తొలకరి పడ్డ రోజు నూనె తేలిన రోడ్డూ, నీళ్లు నిలిచిన అండర్‌పాసూ అరిగిన టైరును అంతే నిర్దయగా పరీక్షిస్తాయి. ఆయుధ పూజ మొదటి నుంచీ పనిముట్టును పక్కన పెట్టి, కడిగి, తుడిచి, నూనె రాసే రోజు. పూలూ కుంకుమా ఆ తర్వాతివి. కాబట్టి ఈ దసరాకు బండి కడిగేటప్పుడే టైర్లు కూడా చూడండి. కార్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆ టైరు రోడ్డుకు పనికిరాదు. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది: 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారైనదని అర్థం. అది మరీ పాతదైతే మార్చండి. నిమ్మకాయలు ఆ తర్వాత పెట్టించండి, గుమ్మడికాయ మాత్రం రోడ్డు మీద కొట్టకండి.